పడ్డకు దీర్ఘం

నా సర్వీసు మొత్తంలో నేను చేసిన పెద్ద తప్పు ఒక నిలువు గీత. హిందీలో దీర్ఘం అలాగే పెడతారు, అక్షరం పక్కన కర్ర పాతినట్టు. ఆ కర్ర వల్ల ఒక దూడ ప్రాణం మీదికి వచ్చింది, నా ఉద్యోగం ఆర్నెల్లు వెనక్కి పోయింది. ఆఫీసుల్లో కొత్తగా కుర్చీ ఎక్కిన పిల్లలకు పనికొస్తుందేమోనని ఈ సంగతి రాస్తున్నాను. పనికిరాకపోతే పోనీ, నవ్వుకోవడానికైనా బావుంటుంది.

మాది బొబ్బిలి పక్క పల్లె. ఇరవై రెండేళ్ళకు మా పెద్దమ్మ కొడుకు వెనకాల రైలెక్కి భిలాయి వచ్చాను. ఒక కాంట్రాక్టరు దగ్గర ఇనప రేకులు కోసే పనిలో కుదిరాను. పదేళ్ళు బాగానే గడిచింది. తొంభైల మొదట్లో ఒకరోజు రేకు జారి ఎడమ పాదం మీద పడింది. రెండు వేళ్ళు పోయాయి. కాంట్రాక్టరు ఆసుపత్రికి వచ్చి, "ఆరామ్ కరో భయ్యా" అని చెప్పి వెళ్ళాడు. ఆ వెళ్ళడం వెళ్ళడమే, మళ్ళీ నా ముఖం చూడలేదు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, పాలు మరవని వాళ్ళు. ఎక్కువసేపు నిలబడి చేసే పని ఇక నావల్ల కాదని డాక్టరు తేల్చేశాడు.

అప్పుడు మా వైపు వాళ్ళెవరో జాలిపడి నన్ను మరోదా దగ్గరున్న ఒక పశువుల శాలలో పెట్టించారు. కార్మికులు కొందరు కలిసి నడుపుకునే పాల సంఘం అది. పేరెందుకులెండి, ఇప్పుడు లేదు కూడా. నలభై దాకా ఆవులు, నాలుగో అయిదో గేదెలు. నా పని రిజిస్టర్లు రాయడం. ఏ ఆవు ఎప్పుడు ఈనింది, ఏ దూడ పుట్టింది, ఎన్ని పాలిచ్చింది, ఏ మందు పోశారు, అన్నీ హిందీలో రాయాలి. ఉద్యోగమింకా టెంపరరీ. ఆర్నెల్లకోసారి కాగితం మారుస్తారు.

"హిందీ లిఖ్‌నా ఆతా హై?" అడిగారు మేనేజర్ సాబ్, హిందీ రాయడం వచ్చా అని.

"ఆతా హై సార్" అన్నాను గుండె రాయి చేసుకుని.

నా హిందీ చెవిన పడ్డ హిందీ. దానికి నేనొక సూత్రం కనిపెట్టుకున్నాను. మన పూజ వాళ్ళకు పూజా. మన ఆశ ఆశా. మన భాష భాషా. మన మాట చివర ఒక దీర్ఘం తగిలిస్తే హిందీ అయిపోతుందని నా నమ్మకం. ఆ సూత్రంతో పదేళ్ళు బజారు చేశాను, బేరాలాడాను, పోట్లాడాను కూడా. ఎక్కడా దెబ్బ తినలేదు. అదే నా కొంప ముంచింది.

మేనేజర్ సాబ్ మిలటరీలో చేసి రిటైరైన మనిషి. నెహ్రూ నగర్ నుంచి రోజూ స్కూటర్ మీద వచ్చేవారు. మీసం, బూట్లు, మాట, మూడూ పాలిష్ పట్టినట్టుండేవి. ఆయనకు కాగితమంటే దైవం. "ఆద్మీ ఝూఠ్ బోల్‌తా హై, కాగజ్ నహీఁ" అనేవారు. మనిషి అబద్ధమాడతాడు గానీ కాగితం ఆడదట. ఆ కాగితం రాసేవాణ్ణి నేనని ఆయనకు గుర్తుండేది కాదనుకుంటాను.

శాలలో నిజంగా పశువుల సంగతి తెలిసినవాడు ఒక్కడే, కాకా. ఇక్కడివాడే, ఛత్తీస్‌గఢీ తప్ప మరో భాష రాదు. తాతల నాటి నుంచి పశువులు కాసిన కుటుంబం. కళ్ళకు పొరలొచ్చి మనుషుల్ని పోల్చుకోలేకపోయేవాడు, ఆవును మాత్రం దాని నడక చప్పుడును బట్టి చెప్పేసేవాడు. చదువు లేదు. నేను రిజిస్టరు తెరిస్తే, గుడిలో పంతులుగారు పంచాంగం తెరిచినట్టు చేతులు కట్టుకుని నిలబడేవాడు. నాకు సిగ్గేసేది, కొంచెం సంతోషంగానూ ఉండేది. అబద్ధమెందుకు?

ఒక యేడు సంఘం మీటింగులో ఒక సభ్యుడు లేచాడు. మా శ్రీకాకుళం వాడే. "మా గుంటలకి ఆవుకెన్ని కాళ్ళో తెల్సండీ, ఏ పక్క నిల్చుంటే తన్నదో తెల్దు. మన పశువులున్నాయి కదా, మన పిల్లలకి మనం సెప్పుకోలేమేటి?" అన్నాడు. అందరూ నవ్వారు గానీ మేనేజర్ సాబ్ నవ్వలేదు. మర్నాడే నోటీసు పెట్టించారు. సభ్యుల పిల్లలు ప్రతి ఆదివారం పొద్దున్న శాలకు రావాలి, ఒక్కొక్కరికీ ఒక దూడ, వానాకాలమంతా పెంచాలి, దసరాకు దూడల ప్రదర్శన, బహుమతులు. ఇదీ ఏర్పాటు.

కాకా ఒకే ఒక్క షరతు పెట్టాడు. పిల్లలకు ఆడదూడలే ఇవ్వాలి. మూడు నెలలు నిండిన మగదూడల్ని సంఘం అమ్మేసేది. ఎక్కడికి పోతాయని ఎవరమూ అడిగేవాళ్ళం కాదు. "లైకా మన్ కే జీ టూట్ జాహీ" అన్నాడు కాకా. పిల్లల ప్రాణం చివుక్కుమంటుందని. ఆ మాట నాకు నచ్చింది. మొదటి ఆదివారం దూడలు పంచడం అయ్యాక పన్నెండుమంది పిల్లల్ని నిలబెట్టి నేనే చెప్పాను, "మీ దూడల్ని ఎవరూ అమ్మరు, నాదీ పూచీ" అని. పూచీ పడడం నాకు మహా సరదా.

మొదటి పాఠం కాకాదే. దూడను పట్టుకోగానే ముందు ఆడా మగా చూడాలి. ఎలా? తోకెత్తి. పిల్లలు ఒకటే నవ్వు. ఒకడు నవ్వి నవ్వి పేడలో కూర్చున్నాడు. కాకా మాత్రం నవ్వకుండా ఒక్కో పిల్ల చేతా ఒక్కో దూడ తోక ఎత్తించి, చూపించి, నోటితో చెప్పించాడు. ఆ తర్వాత దూడలు పంచడం. ఎర్రవి, తెల్లవి, మచ్చలవి క్షణంలో అయిపోయాయి. పంపకం అయిపోయాక ఒక పిల్ల రొప్పుకుంటూ వచ్చింది. పదకొండేళ్ళుంటాయి. వాళ్ళ నాన్నకు ఉక్కు ఫ్యాక్టరీలో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో పని, రాత్రి డ్యూటీ దిగి సైకిలు మీద తెచ్చేసరికి ఆలస్యమైంది. అప్పటికి మిగిలింది ఒక్కటే, గేదెదూడ.

ఆ యేడు ఈనిన గేదె ఒక్కటే. ఈనిన తొమ్మిదో రోజున అది జ్వరంతో చచ్చిపోయింది. తల్లి లేని దూడ, ఎముకల మీద తోలు కప్పినట్టుండేది, ఒళ్ళంతా బూడిదరంగు వెంట్రుకలు. పిల్లలు దాన్ని చూసి, "కోక్ ఓవెన్ సే నికలీ హై" అని, బొగ్గు పొయ్యిలోంచి వచ్చిందని వెక్కిరించారు. ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను. "అయితే దీని పేరు కోక్" అంది. అలాగే ఖాయమైపోయింది. కాకా ఆ పిల్ల చేతా తోక ఎత్తించి పాఠం అప్పజెప్పించుకున్నాడు.

ఆ దూడ పుట్టిననాడే నేను రిజిస్టర్లో రాశాను. మా ఊళ్ళో గేదెకు పుట్టిన ఆడదాన్ని పడ్డ అంటాం. కాస్త ఎదిగాకే అలా అనాలంటారు కొందరు, మా అమ్మ మాత్రం పుట్టిన పూట నుంచీ పడ్డ అనే పిలిచేది. కాకా దాన్ని పడియా అనడం విన్నాను. అది ఛత్తీస్‌గఢీ మాట అయ్యుంటుంది, రిజిస్టర్లో హిందీ కదా రాయాలి అనుకున్నాను. నా సూత్రం నాకుండనే ఉంది. పడ్డకు దీర్ఘం పెట్టి "పడ్డా" అని గుండ్రంగా రాశాను. ఆవుదూడల మాటలకు పాత రాతలున్నాయి, చూసి దించేవాణ్ణి. గేదెదూడను రాయడం నాకదే మొదలు. హిందీలో పడ్డా అంటే గేదెకు పుట్టిన మగదూడ అని నాకెవరు చెప్పాలి? ఎవర్నైనా అడగాలని నాకెందుకు తోస్తుంది? నాకు హిందీ వచ్చు కదా!

ఇక ఆ పిల్ల సంగతి. మొదట్లో దూడకు ఆమడ దూరంలో నిలబడేది. తల్లి లేనిది కాబట్టి గిన్నెలో పాలు తాగించాలి. దూడ తల పైకెత్తి వెతుక్కుంటుంది గానీ కిందున్న గిన్నెలోకి వంచదు. కాకా ఆ పిల్ల రెండు వేళ్ళు పాలల్లో ముంచి దూడ నోట్లో పెట్టించాడు. గరుకు నాలుక తగలగానే కెవ్వుమంది.

"ఝన్ డర్రా నోనీ" అన్నాడు కాకా. భయపడకు తల్లీ అని.

"బాబాయ్, కాట్ రహీ హై!" అని నాకు ఫిర్యాదు.

"కరవడం లేదమ్మా, సీకుతోంది. దానికి పైపళ్ళే నేవు. ఏళ్ళు తియ్యకుండా సెయ్యి మెల్లగా కిందకి దించు" అన్నాను.

దించింది. వేళ్ళతో పాటు దూడ మూతీ పాలల్లోకి దిగింది. బుడబుడమని రెండు గుక్కలు తాగి, తుమ్మి, ఆ పిల్ల గౌను నిండా చిమ్మేసింది. ఆ పిల్ల నవ్వు చూడాలి. మూడు వారాలకు వేళ్ళక్కర్లేకుండా తాగడం నేర్చింది దూడ. అప్పటికి ఆదివారాలు చాలడం మానేశాయి. స్కూలు వదలగానే సాయంత్రాలు కూడా వచ్చేది.

నాకు కోపం ముక్కు మీదుంటుంది. మా ఆవిడనడగండి, చెబుతుంది. ఒకసారి ఆ దూడకు పారుడు పట్టుకుంది, ఒకటే విరేచనాలు. లేవలేదు, కళ్ళు లోపలికి పోయాయి. కాకా చూసి, పాలెక్కువయ్యాయి అన్నాడు. నేను పిల్లలందర్నీ పోగేసి ఎవరు పోశారని గద్దించాను. పోసినవాళ్ళు చెప్పకపోతే అందర్నీ ఇళ్ళకు పంపేస్తానన్నాను. నా మాట పూర్తి కాకుండానే ఆ పిల్ల ముందుకొచ్చింది.

"నేనే పోసినాను బాబాయ్. అదింకా ఆకలిగా సూస్తుంటే రెండు సార్లు పోసీసినాను."

అందరి ముందూ ఆ పిల్లను నానా మాటలూ అన్నాను. పశువు ప్రాణమంటే ఆటలా అన్నాను. కొలత గిన్నె ఎందుకుంది అన్నాను. తప్పు చేసేవాళ్ళు ఈ శాలలో అడుగుపెట్టక్కర్లేదన్నాను. తల వంచుకుని అన్నీ వింది. ఆ తర్వాత నాలుగు రోజులు వాళ్ళమ్మను వెంటబెట్టుకుని వచ్చి, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు చెంచాతో తాగించింది. దూడ బతికింది. నేను తిట్టినందుకు వాళ్ళమ్మ నన్నొక్క మాటా అనలేదు. "బాగా సెప్పినావన్నయ్యా" అంది. నేనేదో పెద్ద ధర్మరాజునైనట్టు తలాడించాను.

దసరా సెలవులొచ్చాయి. ప్రదర్శన ఇంకా వారముంది. పిల్లలు రోజూ వచ్చి దూడల్ని కడుగుతున్నారు, తాడు పట్టుకుని నడిపించడం నేర్పుతున్నారు. సరిగ్గా అదే వారంలో నన్ను పర్మినెంటు చేసే కాగితం మేనేజర్ సాబ్ బల్ల మీదికి వచ్చింది. పండగ లోపల సంతకం చేస్తానన్నారు. కుంటి కాలితో నేను రోడ్డున పడకూడదని మా ఆవిడ వెళ్ళి అమ్మవారికి కొబ్బరికాయ మొక్కుకుంది.

ప్రదర్శనకు రెండు రోజుల ముందు పొద్దున్న నేను దాణా గదిలో ఉన్నాను. బయట టెంపో చప్పుడైంది. మగదూడల్ని కొనే వ్యాపారి దుర్గ్ నుంచి వచ్చాడు. జాబితా మామూలుగా నేను రాస్తాను. ముందురోజు నేను మందులకోసం బయటికెళ్ళడంతో మేనేజర్ సాబే రిజిస్టరు చూసి రాసుకున్నారు. ఆవుదూడలు ఆరు. వాటిని ఎక్కించేశారు. తర్వాత కేకలు వినపడితే కుంటుకుంటూ బయటికొచ్చాను.

కోక్‌ను టెంపో వైపు లాగుతున్నాడు వ్యాపారి వెంట వచ్చిన టెంపో వాడు. తాడు రెండో కొస ఆ పిల్ల చేతుల్లో ఉంది. మడమలు నేలకు తన్నిపెట్టి వెనక్కి వాలి లాగుతోంది. దూడ మధ్యలో నాలుగు కాళ్ళూ చాచి అరుస్తోంది.

"ఇది నా దూడ, దీన్నమ్మరు! యే నహీఁ బికేగీ! బాబాయ్, సెప్పు!"

మేనేజర్ సాబ్ కాగితం ఎత్తి చదివారు. "చౌదహ్ నంబర్. పడ్డా. పడ్డా మానే నర్." పద్నాలుగో నంబరు, పడ్డా, అంటే మగది. చెవికి కట్టిన బిళ్ళ మీద కూడా పద్నాలుగే ఉంది. ఆ పిల్ల చేతులు వదిలించమని సైగ చేశారు.

నాకప్పుడు తెలిసింది. నెత్తిన పిడుగు పడ్డట్టు తెలిసింది. పడ్డా అంటే ఏమిటో, రాసిందెవరో, పూచీ పడ్డదెవరో, అన్నీ ఒక్కసారే తెలిశాయి. నోరు తెరిచి, "సార్, నేను తప్పు రాశాను" అంటే అయిపోతుంది. అనలేదు.

ఎందుకనలేదో దాచను. ఆయన బల్ల మీద నా కాగితముంది. మూడు నెలలుగా రిజిస్టర్లో తప్పుందని తెలిస్తే కాగితాన్ని దేవుడనే ఆ మనిషి నన్నుంచుతాడా? ఇంకా సిగ్గుమాలిన ఆలోచన ఒకటి వచ్చింది. పోతే ఒక దూడేగా, రేపు ఈ పిల్లకు మంచి జెర్సీ దూడనిద్దాం అనుకున్నాను. అనుకుని, ఆ పిల్ల నా వైపు చూస్తుంటే టెంపో చక్రాల వైపు చూశాను.

కాకా మాత్రం ఊరుకోలేదు. "ఏ హా పడియా ఆయ్ సాహెబ్! పడియా!" అని తడుముకుంటూ వచ్చాడు. పడియా అంటే ఆడదూడ. మేనేజర్ సాబ్ మర్యాదగానే, "కాకా, నీ కళ్ళకు కనపడదు, కాగితం చెబుతోంది" అన్నారు. వ్యాపారికి మాత్రం కళ్ళు బాగానే కనపడతాయి. దూడను ఒకసారి వంగి చూసి, మీసాల్లో నవ్వుకుని, "కాగజ్ మే జో హై సో హై సాబ్, దేర్ హో రహీ హై" అని, కాగితంలో ఉన్నదే ఖాయం, ఆలస్యమవుతోందని తొందరపెట్టాడు. మగదూడ ధరకు గేదెపడ్డ వస్తుంటే ఎవడు కాదంటాడు?

టెంపో వాడు తాడు గట్టిగా గుంజాడు. ఆ పిల్ల మోకాళ్ళ మీద పడింది. తాడు మాత్రం వదల్లేదు. పడ్డచోటి నుంచే, ఏడుస్తూనే, స్కూల్లో పాఠం అప్పజెప్పినట్టు గట్టిగా అంది:

"సర్! పూంఛ్ ఉఠాకే దేఖియే!"

తోకెత్తి చూడండి సార్ అంది. తర్వాత మిగతా పదకొండుమంది పిల్లలూ అందుకున్నారు. "పూంఛ్ ఉఠాకే! పూంఛ్ ఉఠాకే!" మిలటరీలో ఎంతమంది చేత సెల్యూట్లు కొట్టించుకున్నారో గానీ ఆ మాట మేనేజర్ సాబ్‌తో ఎవరూ అని ఉండరు. ముఖం ఎర్రబడింది. అయినా నడిచి వెళ్ళారు. పాలిష్ బూట్లు పేడలో దిగబడుతుంటే వంగి తోకెత్తారు. చూశారు. కాగితం చూశారు. మళ్ళీ తోకెత్తి చూశారు. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుంది ఆయన పని.

తాడు వదలమని టెంపో వాడికి చెప్పి, మా అందరి వైపూ తిరిగారు. "యే కిస్‌నే లిఖా?" ఇదెవరు రాశారని.

కాకా నేల చూపులు చూశాడు. చదువు రాకపోయినా రాసేదెవరో కాకాకు తెలుసు. పిల్లలందరికీ తెలుసు. ఆ పిల్లకు అందరికంటే బాగా తెలుసు, పాలు తాగించిన ప్రతిరోజూ నేను రిజిస్టరు రాస్తుంటే నా పక్కనే నిలబడి చూసేది. లేచి, గౌను దులుపుకుని, నా వైపు చూసింది. నోరు విప్పలేదు. వేలు చూపించలేదు. నేనే పోసినాను బాబాయ్ అని ఆ రోజు ముందుకొచ్చిన పిల్ల ఇప్పుడు నాకోసం ఊరుకుంది చూడండి, అక్కడ నాకు ప్రాణం పోయినంత పనైంది.

"మైఁనే లిఖా సార్" అన్నాను.

పూజ, పూజా దగ్గర్నుంచి మొదలుపెట్టి నా సూత్రమంతా చెప్పాను. మా ఊళ్ళో పడ్డంటే ఆడదని చెప్పాను. మేనేజర్ సాబ్ మొదట కళ్ళు చిట్లించారు, తర్వాత మీసం అదిరింది, తర్వాత కడుపు పట్టుకుని నవ్వారు. ఆయన నవ్వడం నేనదే చూడ్డం. హమ్మయ్య, బతికిపోయాననుకుని నేనూ నవ్వాను. ఆయన నవ్వు ఆపేశారు.

"నీకెప్పుడు తెలిసింది?"

"మీరు చదివినప్పుడే సార్."

"ఇంతసేపూ ఏం చేశావు?"

ఊరుకున్నానని ఒప్పుకున్నాను. "చుప్ థా సార్."

ఆయన నన్ను లోపలికి పిలిచి రిజిస్టరు తెరిపించారు. ఎర్ర సిరాతో "పడ్డా" కొట్టేసి "పడియా" అని రాయించి, కింద సంతకం పెట్టించారు. నా పర్మినెంటు కాగితం తీసి సొరుగులో పెట్టి తాళం వేశారు. "ఛే మహీనే బాద్" అన్నారు, ఆర్నెల్లు ఆగమని. నేను బతిమాలబోతే చెయ్యెత్తి ఆపారు. "లిఖ్‌నే కీ గల్తీ కలమ్ కీ హై. చుప్ రహ్‌నే కీ గల్తీ ఆద్మీ కీ." తప్పు రాస్తే అది కలం తప్పు, తెలిసి ఊరుకుంటే మనిషి తప్పు అని.

ఇంటికి పోయి ఆయన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. మా ఆవిడ అన్నం వడ్డిస్తూ అంతా విని, "ఆర్నెల్లు ఎనక్కెల్తే ఏటవుద్ది? కూడు మానీసినామేటి? ఆ గుంట ముందర తలెత్తుకు నిల్చోగలవు, అది సాలదా?" అంది. ఆర్నెల్ల తర్వాత సరిగ్గా అదే తారీఖున ఆయన నన్ను పిలిచి, నేను గుర్తుచేయకుండానే సంతకం చేశారు. ఇరవై యేళ్ళకు పైగా ఆ ఉద్యోగం మా ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టింది. అప్పుడు తిట్టుకున్న ఆ మనిషికి ఇప్పుడు రోజూ దణ్ణం పెట్టుకుంటాను. ఉద్యోగం తీసేసి ఉంటే మేమేమయ్యేవాళ్ళమో తెలీదు. ఏమీ అనకుండా వదిలేసి ఉంటే నేనేమయ్యేవాణ్ణో తెలుసు, ఇంకాస్త పెద్ద దొంగనయ్యేవాణ్ణి. కాకాకూ నేను రుణపడి ఉన్నాను. ఆ రోజు తర్వాత కూడా నేను రిజిస్టరు తెరిస్తే ఎప్పటిలాగే చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఒక్క తేడా. రాసిన ప్రతి మాటా కాకాకు పైకి చదివి వినిపించి, అవునన్నాకే మూసేవాణ్ణి.

ఆ దసరాకు ప్రదర్శన జరిగింది. కోక్‌కు బహుమతేమీ రాలేదు. జడ్జీల ముందుకు రాగానే మధ్యలో కూర్చుని, ఎంత లాగినా లేవకుండా నెమరు వేసింది. జనం నవ్వారు, ఆ పిల్లా నవ్వింది. మొదటి బహుమతి ఎర్ర జెర్సీ దూడకిచ్చారు.

అంతా వెళ్ళిపోయాక తొట్టి దగ్గర ఆ పిల్ల దూడను కడుగుతోంది. నేను పక్కన కూర్చుని నీళ్ళు అందిస్తున్నాను. ఆ రోజు నుంచి మేమిద్దరం ఆ సంగతి ఎత్తలేదు. దూడ వీపు రుద్దుతూ, నా వైపు చూడకుండానే అడిగింది.

"బాబాయ్, నువ్వు ముందే ఎందుకు సెప్పనేదు?"

చిన్నపిల్లలకు చెప్పే జవాబులు నా దగ్గర చాలా ఉన్నాయి. నీళ్ళ చెంబు కింద పెట్టాను.

"బయమేసిందమ్మా" అన్నాను.

రుద్దడం ఆపింది. అరచేతులు రెండూ తిప్పి ఒకసారి చూసుకుంది. తాడు ఒరుసుకున్న గీతలు ఎర్రగా, ఇంకా పచ్చిగా ఉన్నాయి.

"నాకూ బయమేసింది బాబాయ్" అంది. "అయినా తాడొగ్గనేదు."